గేరుపెట్టె – గుణదోష విచారణ

రథం ఎంత దృఢమైనదైనా సారథి సమర్థుడు కాకపోతే ప్రయాణం సాగదు. ఈ సత్యాన్ని మన ప్రాచీన కావ్యాలు అనేక సందర్భాల్లో నిరూపించాయి. మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని కొలువులో చేరి, అతనిని అతివేగంగా విదర్భకు చేరుస్తాడు. ఆ వేగానికి మూలం ‘అశ్వహృదయం’ అనే విద్య. గుర్రం ఎప్పుడు అలసిపోతుందో, ఎప్పుడు పగ్గం వదలాలో, ఎప్పుడు బిగించాలో తెలిసిన విద్య అది. నేటి రథాలకు గుర్రాలు లేవు, యంత్రాలున్నాయి. ఆ యంత్రపు హృదయాన్ని తెలుసుకొని, దాని శక్తిని చక్రాలకు తగినట్లుగా అందించే సాధనమే గేరుపెట్టె. దానిని డ్రైవరు చేతితో నడపడం మేలా, యంత్రమే స్వయంగా నడుపుకోవడం మేలా అన్న ప్రశ్న సుమారు ఎనభై ఏళ్లుగా వాహన ప్రపంచంలో చర్చకు వస్తూనే ఉంది. ఆ చర్చలోని గుణదోషాలను పరిశీలించడమే ఈ పాఠం ఉద్దేశం.

విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి హౌరా – చెన్నై రైలుమార్గం మీద ఉన్న ఊరు. దానికి చేరువలోని గరివిడి, కోడూరు, గర్భాం పరిసరాల నేల మాంగనీసు ఖనిజానికి పేరు పొందింది. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకం నుంచి ఈ ప్రాంతంలో మాంగనీసు తవ్వకాలు సాగాయి. గనిలో తవ్విన ఖనిజం రైలు స్టేషనుకో, కర్మాగారానికో చేరాలంటే బండి కావాలి. తొలినాళ్లలో ఆ బండి ఎడ్లబండి, తరువాతి కాలంలో లారీ. ఇదే సీమలో, నేటి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సాలూరు పట్టణం లారీల రవాణాకు ప్రసిద్ధి చెందింది. సాలూరు దాటి ఒడిశాలోని సుంకి వైపు వెళ్లే ఘాట్ రోడ్డు లారీ డ్రైవరు నేర్పుకు నిత్య పరీక్ష. కాబట్టి గేరుపెట్టె గుణదోషాలు ఈ ప్రాంతం వారికి పుస్తకాల్లోని విషయం మాత్రమే కాదు, బతుకు విషయం కూడా.

గేరు ఎందుకు?

చీపురుపల్లి పరిసరాల్లో పాతకాలపు రైతులు బావుల నుంచి ఏతంతో నీరు తోడేవారు. పొడవైన దూలానికి ఒక చివర బరువు, రెండవ చివర బాన. మనిషి కొద్దిపాటి బలంతో పెద్ద బానను పైకి తెచ్చేవాడు. తక్కువ బలాన్ని ఎక్కువ దూరం ప్రయోగించి, ఎక్కువ బరువును తక్కువ దూరం కదిలించడం యంత్రశాస్త్రంలో మొదటి సూత్రం. గేరు చేసే పని కూడా ఇదే. ఇరవై పళ్లున్న చిన్న చక్రం అరవై పళ్లున్న పెద్ద చక్రాన్ని తిప్పుతున్నదనుకుందాం. చిన్న చక్రం మూడుసార్లు తిరిగితే పెద్దది ఒక్కసారి తిరుగుతుంది. వేగం మూడో వంతుకు తగ్గింది. కాని రాపిడి నష్టాన్ని మినహాయిస్తే త్రిప్పుడు బలం మూడింతలయింది. ఖనిజం నిండిన లారీ గనిలోంచి ఎత్తు ఎక్కవలసినప్పుడు ఈ బలం కావాలి. చదునైన రహదారి మీద పరుగెత్తవలసినప్పుడు వేగం కావాలి. ఒకే ఇంజను ఈ రెండు అవసరాలనూ తీర్చాలంటే మధ్యలో గేర్లు మార్చే పెట్టె తప్పదు.

చేతి గేరు విద్య

స్వాతంత్ర్యానంతరం మన దేశంలో లారీల తయారీ ఊపందుకొంది. టాటా సంస్థ 1954లో జర్మనీకి చెందిన మెర్సిడెస్ బెంజ్ సంస్థ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ప్రారంభించింది. మద్రాసులోని అశోక్ మోటార్స్ 1955లో బ్రిటన్‌కు చెందిన లేలండ్ మోటార్స్ సంస్థతో చేతులు కలిపి అశోక్ లేలండ్ అయింది. ఈ లారీలన్నింటిలోనూ ఉన్నది చేతి గేరు. గేర్లు వాటంతట అవి సులువుగా కలిసే ఏర్పాటు పాత లారీల్లో చాలావాటికి లేదు. అందుచేత డ్రైవరు ‘డబుల్ క్లచ్’ అనే పద్ధతిని అభ్యసించవలసి వచ్చేది.

ఎత్తు ఎక్కుతున్న లారీ వేగం తగ్గగానే డ్రైవరు క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌కు తెస్తాడు. క్లచ్ వదిలి ఒక్క క్షణం యాక్సిలరేటరు నొక్కుతాడు. లోపలి చక్రాల వేగం పెరిగి, కలవవలసిన చక్రాల వేగంతో సమానమవుతుంది. మళ్లీ క్లచ్ తొక్కి చిన్న గేరు వేస్తాడు. ఇదంతా రెండు మూడు క్షణాల్లో జరగాలి. ఆలస్యమైతే బండి ఆగిపోతుంది. తొందరపడితే పళ్లు పళ్లు రాసుకొని గేరుపెట్టె గర్జిస్తుంది. నిపుణుడైన డ్రైవరు ఇంజను చప్పుడు వినే గేరు మార్చేవాడు. ఆ చెవికే ‘అశ్వహృదయం’ తెలిసేది.

ఈ విద్యకు వెల కూడా ఉంది. బరువైన క్లచ్‌ను దినమంతా వందలసార్లు తొక్కే ఎడమకాలికి అలసట తప్పదు. అలసిన డ్రైవరు పొరపాటు చేస్తే నష్టం బండికి మాత్రమే పరిమితం కాదు. ఈ శ్రమను తగ్గించాలన్న ఆలోచనే స్వయంచాలక గేరుపెట్టెకు దారితీసింది.

నూనెలో పుట్టిన చక్రం

రెండు విద్యుత్తు పంకాలను ఎదురెదురుగా ఉంచి ఒకదానికే విద్యుత్తు ఇచ్చామనుకుందాం. ఆ గాలికి రెండవ పంకా కూడా మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. గాలికి బదులు నూనెను ఉపయోగించి, రెండు రెక్కల చక్రాలను మూసిన పాత్రలో అమరిస్తే ఒకదాని బలం రెండవదానికి చేరుతుంది. ఇనుముకు ఇనుము తగలకుండానే శక్తి ప్రవహిస్తుంది. జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఫోటింగర్ 1905లో ఈ సూత్రం మీద పేటెంటు పొందాడు. అతని లక్ష్యం కారు కాదు, నౌక. ఆవిరి టర్బైను అతివేగాన్ని నౌక చోదక చక్రానికి తగినట్లు మార్చడం అతనికి ఎదురైన సమస్య.

రెండు చక్రాల మధ్య మూడవ రెక్కల చక్రాన్ని అమర్చి నూనె ప్రవాహాన్ని మళ్లిస్తే, బలం చేరడమే కాక పెరుగుతుంది కూడా. దీనినే టార్క్ కన్వర్టర్ అంటారు. బండి నిశ్చలస్థితి నుంచి బయలుదేరేటప్పుడు ఇది ఇంజను త్రిప్పుడు బలాన్ని దాదాపు రెట్టింపు చేయగలదు.

దీని వెనుక ఉండే గేర్ల అమరికకు ఆకాశమే పోలిక. నడుమ ఒక సూర్యచక్రం, దాని చుట్టూ తిరిగే గ్రహచక్రాలు, వాటన్నింటినీ ఆవరించిన వలయచక్రం ఉంటాయి. వీటిలో ఒకదానిని కదలకుండా పట్టి ఉంచితే ఒక గేరు, మరొకదానిని పట్టి ఉంచితే మరొక గేరు ఏర్పడుతుంది. పళ్లను విడదీసి మళ్లీ కలపవలసిన అవసరమే లేదు. పట్టి ఉంచే పని ఉక్కు పట్టీలు, చిన్న చిన్న క్లచ్ పళ్లేలు చేస్తాయి. వాటిని నొక్కేది నూనె ఒత్తిడి.

ఎప్పుడు నొక్కాలో నిర్ణయించేది ఎవరు? పాత స్వయంచాలక పెట్టెల్లో కంప్యూటర్లు లేవు. బండి వేగంతోపాటు తిరిగే చిన్న బరువులు వేగం పెరిగేకొద్దీ విచ్చుకొని ఒక నూనె ఒత్తిడిని పెంచుతాయి. డ్రైవరు యాక్సిలరేటరును ఎంత నొక్కాడో తెలిపే ఒత్తిడి మరొకటి. వేగం చూపే ఒత్తిడి గెలిస్తే పెద్ద గేరు పడుతుంది. బరువు చూపే ఒత్తిడి గెలిస్తే చిన్న గేరు నిలుస్తుంది. నూనె కాలువలు, కవాటాలతోనే ఆలోచించే ఈ అమరిక ఇరవయ్యవ శతాబ్ది యంత్రకళకు ఒక మచ్చుతునక.

అమెరికా అనుభవం

జనరల్ మోటార్స్ సంస్థ 1939లో ప్రకటించి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబిల్ కార్లలో అమర్చిన ‘హైడ్రామాటిక్’ విస్తారంగా అమ్ముడైన తొలి సంపూర్ణ స్వయంచాలక గేరుపెట్టె. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యపు తేలికపాటి టాంకుల్లో కూడా దానిని వాడారు. క్లచ్ విద్య నేర్వని యువసైనికుడు సైతం టాంకును నడపగలగడం దాని ప్రయోజనం.

1960వ దశకంలో అమెరికాలో ‘మజిల్ కార్లు’ అనే కార్లు వెలిశాయి. మధ్యతరహా కారులో అతిబలమైన ఇంజనును అమర్చడం వాటి లక్షణం. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ ఈ కోవకు చెందినదే. ఈ బలాన్ని భరించడానికి దృఢమైన పెట్టెలు కావలసి వచ్చాయి. క్రైస్లర్ సంస్థ ‘టార్క్‌ఫ్లైట్ 727’ (1962), జనరల్ మోటార్స్ ‘టర్బో హైడ్రామాటిక్ 400’ (1964), ఫోర్డ్ ‘సీ6’ (1966) ఆ కాలపు త్రిమూర్తులు. ఈ మూడూ మూడేసి గేర్ల పెట్టెలే. కార్లతోపాటు సరకులు మోసే పికప్ ట్రక్కుల్లో కూడా ఇవి దశాబ్దాల పాటు పనిచేశాయి.

వీటి గుణాలు నాలుగు. మొదటిది దృఢత్వం. గేరు మారేటప్పుడు పళ్లు రాసుకోవు. బండి కదిలేటప్పుడు కుదుపు నూనెలో ఇంకిపోతుంది. అందువల్ల ఇంజను, ఇరుసులు కూడా ఎక్కువ కాలం మన్నుతాయి. రెండవది సరళత. రెండే గేర్లు ఉన్న ‘పవర్‌గ్లైడ్’ 1950లో వచ్చింది. భాగాలు తక్కువ కావడం వల్ల పందెపు కార్లవారు ఈనాటికీ దానిని ఆదరిస్తున్నారు. మూడవది ఎత్తుల మీద, బురదలో కనిపించే నిలకడ. గేరు మారేటప్పుడు బలం తెగిపోదు కాబట్టి బండి వెనక్కి జారే ప్రమాదం తక్కువ. నాలుగవది డ్రైవరుకు విశ్రాంతి. వీధి వీధినా ఆగే బస్సులకు, చెత్త సేకరించే లారీలకు, అగ్నిమాపక వాహనాలకు విదేశాల్లో మొదట స్వయంచాలక పెట్టెలు అమరడానికి కారణం ఇదే.

దోషాలను కూడా దాచరాదు. మొదటిది ఇంధన వ్యయం. నూనె ద్వారా బలం ప్రవహించేటప్పుడు రెండు చక్రాల వేగాల మధ్య ఎంతో కొంత తేడా ఉండి తీరుతుంది. ఆ తేడా అంతా వేడిగా మారి వృథా అవుతుంది. పైగా మూడవ గేరే చివరిది కావడంతో రహదారి మీద ఇంజను అనవసరమైన వేగంతో తిరుగుతుంది. 1973 చమురు సంక్షోభం తరువాత ఈ లోపం భరించరానిదయింది. 1980వ దశకంలో వచ్చిన నాలుగు గేర్ల పెట్టెల్లో ఇంజను కంటె వెనుకటి కడ్డీ వేగంగా తిరిగే ‘ఓవర్‌డ్రైవ్’ గేరు, నూనె జారుడును తప్పించే తాళపు క్లచ్ చేరాయి. జనరల్ మోటార్స్ వారి ‘700ఆర్4’ (1982) అటువంటిదే. తొలి ఏళ్లలో అది పాత టర్బో 400 అంత గట్టిది కాదన్న అపకీర్తిని మూటగట్టుకొంది, క్రమంగా మెరుగుపడింది. పొదుపు పెరిగినచోట సంక్లిష్టత పెరగడం యంత్రలోకంలో సాధారణం.

రెండవ దోషం వేడి. పాత స్వయంచాలక పెట్టెకు ప్రధాన శత్రువు అదే. బరువుతో ఎత్తు ఎక్కే ట్రక్కులో నూనె కాగిపోయి తన గుణాన్ని కోల్పోతుంది. ఎర్రగా ఉండవలసిన నూనె గోధుమరంగుకు మారి మాడు వాసన వేస్తే, లోపలి పళ్లేలు కాలుతున్నాయని అర్థం. ఆలిసన్ సంస్థ చిన్న ట్రక్కులకు తయారుచేసిన ‘ఏటీ 545’ పెట్టెలో తాళపు క్లచ్ లేదు. అందువల్ల కొండదారుల్లో అది త్వరగా వేడెక్కేది. అదే సంస్థవారి పెద్ద పెట్టె ‘ఎంటీ 643’లో ఆ క్లచ్ ఉండడం వల్ల ఈ బాధ చాలావరకు తగ్గింది.

మూడవ దోషం చిన్న భాగం చెడితే పెద్ద భాగం నశించడం. టార్క్‌ఫ్లైట్‌లో యాక్సిలరేటరుకూ పెట్టెకూ నడుమ ఒక సన్నని కడ్డీ ఉంటుంది. అది సరిగా అమరకపోతే నూనె ఒత్తిడి చాలక క్లచ్ పళ్లేలు కొద్ది దూరంలోనే కాలిపోతాయి. టర్బో 400లో ఒక చిన్న రబ్బరు పొర చిరిగితే పెట్టెలోని నూనెను ఇంజను పీల్చుకొంటుంది. పొగగొట్టం తెల్లని పొగ కక్కుతుంది. కారణం తెలియని మెకానిక్కు మంచి ఇంజనును విప్పి కూర్చుంటాడు.

నాలుగవది, బ్యాటరీ చెడితే బండిని తోసి స్టార్టు చేసే సౌకర్యం. తొలి స్వయంచాలక పెట్టెల్లో వెనుకవైపు రెండవ పంపు ఉండడం వల్ల అది సాధ్యమయ్యేది. 1960వ దశకం మధ్య నుంచి ఖర్చు తగ్గించడానికి ఆ పంపును తొలగించారు. దానితో ఆ మార్గం మూసుకుపోయింది. పదిమంది కలిసి బండిని తోయడం మామూలైన మన ఊళ్లలో ఇది చిన్న లోపం కాదు.

ఘాట్ రోడ్డు పరీక్ష

గుణదోషాల అసలు పరీక్ష ఎత్తు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. సుంకి ఘాట్ మీద బరువుతో దిగే లారీని బ్రేకులతో మాత్రమే ఆపాలని చూస్తే బ్రేకు డ్రమ్ములు కాగిపోయి పట్టు తప్పుతాయి. చిన్న గేరులో దిగితే చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది. ఆ శ్రమ వల్ల బండి వేగం అదుపులో ఉంటుంది. ‘ఎక్కిన గేరులోనే దిగాలి’ అని పాతకాలపు డ్రైవర్లు కుర్రవారికి చెప్పే మాటలో ఇంత శాస్త్రం ఉంది. డీజిలు కలిసి వస్తుందని న్యూట్రల్‌లో దించేవాడు నాలుగు రూపాయల కోసం నలుగురి ప్రాణాలను పణంగా పెడుతున్నాడన్నమాట.

ఈ పరీక్షలో పాత స్వయంచాలక పెట్టె బలహీనం. యాక్సిలరేటరు మీద కాలు తీయగానే బరువు లేదని భ్రమించి అది పెద్ద గేరుకు వెళ్లిపోతుంది. ఇంజను పట్టు సడలుతుంది. డ్రైవరు ముందుగానే మీటను చిన్న గేరు స్థానంలో ఉంచితే తప్ప ఈ ప్రమాదం తప్పదు. అంటే పేరుకు స్వయంచాలకమే అయినా, వివేకం మాత్రం డ్రైవరు నుంచే రావాలి. ముందున్న దారిని యంత్రం చూడలేదు. ప్రస్తుతపు వేగాన్ని మాత్రమే ఎరుగును. దారిని చూసే కన్ను మనిషిదే.

మన లారీలు చేతి గేరును ఎందుకు వీడలేదు?

స్వయంచాలక పెట్టె సుగుణాలు తెలిసి కూడా మన దేశంలో రహదారి లారీలు చాలాకాలం చేతి గేరునే నమ్ముకున్నాయి. ధర, ఇంధన వ్యయం మొదటి కారణాలు. మరమ్మతు మరొక కారణం. చేతి గేరుపెట్టె చెడితే రహదారి పక్కన చెట్టునీడలో సైతం మెకానిక్కు విప్పి, అరిగిన చక్రం మార్చి, మళ్లీ బిగించగలడు. స్వయంచాలక పెట్టెలోని కవాటాల కాలువల్లో ఇసుకరేణువంత మలినం చేరినా గేరు పడదు. ఖనిజ ధూళి కమ్మిన దారుల్లో అంతటి శుభ్రత సులభసాధ్యం కాదు.

అయితే వీటికి మించిన కారణం ఒకటి ఉంది. డ్రైవరు శ్రమకు ఎవరూ వెల కట్టలేదు. యజమాని లెక్కల పుస్తకంలో డీజిలుకు పద్దు ఉంది, టైర్లకు పద్దు ఉంది. డ్రైవరు మోకాలి నొప్పికి పద్దు లేదు. శ్రమ చౌకగా దొరికినంతకాలం శ్రమను తగ్గించే యంత్రం ఖరీదైనదిగానే కనిపిస్తుంది. బహిరంగ గనుల్లో తిరిగే భారీ డంపర్లకు మాత్రం స్వయంచాలక పెట్టెలు ముందే వచ్చాయి. అంతటి బరువును చేతి క్లచ్‌తో కదిలించడం అసాధ్యం కావడమే దానికి హేతువు.

ఇప్పుడు పరిస్థితి మారుతున్నది. 2014లో మారుతి సెలెరియో కారుతో మన దేశంలో ఒక మధ్యేమార్గం ప్రాచుర్యంలోకి వచ్చింది. అందులో గేరుపెట్టె పాత తరహాదే; క్లచ్ తొక్కి గేరు మార్చే పనిని మాత్రం కంప్యూటరు ఆజ్ఞతో యంత్రం చేస్తుంది. టార్క్ కన్వర్టర్ లేదు కాబట్టి నూనె జారుడు వల్ల కలిగే వృథా లేదు. ఎడమకాలికి శ్రమ లేదు. లారీల్లో, బస్సుల్లో కూడా ఈ పద్ధతి ప్రవేశించింది. గేరు మారేటప్పుడు కలిగే చిన్న కుదుపు దీని లోపం.

ముగింపు

ఏ యంత్రమూ కేవలం గుణమయం కాదు, కేవలం దోషమయమూ కాదు. చేతి గేరు పొదుపరి, కాని శ్రమ కోరుతుంది. పాత స్వయంచాలక గేరు ఓర్పు గలది, కాని ఇంధనం తాగుతుంది, వేడికి బెదురుతుంది. దేశాన్ని బట్టి, దారిని బట్టి, నడిపేవాని స్థితిని బట్టి ఒకచోట గుణమైనది మరొకచోట దోషమవుతుంది. నలునికి అశ్వహృదయం తెలిసినందువల్ల ఋతుపర్ణుడు సుఖంగా గమ్యం చేరాడు. గేరు మార్చే పని రేపు పూర్తిగా యంత్రానికే అప్పగించినా, ఘాట్ రోడ్డు మలుపులో ఎదుటి బండిని చూసి ముందుగా నెమ్మదించే వివేకం సారథి వద్దనే ఉండాలి. కాలికి విశ్రాంతి దొరకడం మంచిదే. కంటికి మాత్రం దొరకరాదు.